తెనాలి చదువరుల చేతిపని

1932లో తెనాలి రైతుబిడ్డ ఆలూరి వెంకట సుబ్బారావు క్షయతో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంలో చేరారు. అప్పటికి ఆ జబ్బుకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, తప్పనిసరైతే శస్త్రచికిత్స, అంతే. ఆ మంచం మీదే ఆయన బెంగాలీ నేర్చుకున్నారు. కాలక్షేపానికి నేర్చుకున్నారని చాలామంది అంటారు. నాకు ఆ మాట చాలదనిపిస్తుంది. హిందీ ఆయన తెనాలిలోనే నేర్చుకున్నారు. ఆయనకు చక్రపాణి అనే కలం పేరు కూడా హిందీ గురువు పెట్టిందే. తనకు నచ్చిన రచయిత ఏ భాషలో రాస్తే ఆ భాష నేర్చుకుని చదవాలనుకునే మనిషి ఆయన. అటువంటి చదువు కాలక్షేపంతో ఆగదు.

బెంగాలీ రచయిత శరత్ నవలలను ఆయన తెలుగు చేశారు. శరత్ తెలుగువాడేనని నమ్మిన పాఠకులు ఉండేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పనితనం ఎక్కడుందో ఓపిగ్గా చూడాలి. బెంగాలీ వాక్యం ఎటు తిరిగితే ఆయన తెలుగు అటు తిరగదు. మనిషి ఇంట్లో ఎలా మాట్లాడతాడో అలా సాగుతుంది. బరువైన సమాసం లేదు, వివరణ కోసం ఆగడం లేదు. కల్లంలో తాలుకాయలు ఏరేసినట్టు, కథకు పనికిరాని మాటను పక్కన పెట్టేశారు. ఒక నవలను మామూలుగా చదివినప్పుడు కథ మాత్రమే మనకు అందుతుంది. దాన్నే వాక్యం వాక్యంగా మన భాషలోకి తెచ్చుకుంటే రచయిత ఏది చెప్పాడో, ఏది చెప్పకుండా వదిలాడో, కోపాన్ని ఏ మాటతో మొదలుపెట్టాడో కూడా పట్టుబడతాయి. రచన నేర్పే బడి లేని రోజుల్లో అనువాదమే ఆ బడి.

ఈ అలవాటు ఒక్కరిదే అయితే దాన్ని సంప్రదాయం అనలేం. వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం గ్రంథాలయం వెలిసింది. 1929లో గాంధీజీ అక్కడికి వచ్చారు. పాత పత్రికల సంచికల కోసం పరిశోధకులు నేటికీ ఆ ఊరు వెళ్తారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి కాలువ గట్టున ఉన్న ఊళ్లకు చేర్చారు. రేవులో పడవ ఆగితే చదివిన పుస్తకం ఇచ్చి కొత్తది తీసుకోవడమే. గ్రంథాలయ సేవే ఆయన జీవితమైంది. పట్నం వెళ్లే తీరిక లేని రైతు దగ్గరికి పుస్తకమే బయలుదేరిందంటే, ఈ ప్రాంతంలో చదువరిని ఎంత గౌరవించారో తెలుస్తుంది.

చక్రపాణి గారి దగ్గర చదువు జీవనోపాధిగా మారిన తీరు మరీ ఆసక్తికరం. అనువాదాల్లో అలవడిన సంభాషణ ఆయన్ని సినిమాకు చేర్చింది. బి.ఎన్. రెడ్డి గారి ‘స్వర్గసీమ’కు రాశారు. బి. నాగిరెడ్డి గారితో కలిసి విజయా సంస్థ పెట్టారు. ఆ సంస్థ తొలి చిత్రం ‘షావుకారు’ 1950లో వచ్చింది. 1955 నాటి ‘మిస్సమ్మ’ చూడండి. ఉద్యోగం కోసం భార్యాభర్తలమని చెప్పుకునే ఇద్దరు టీచర్ల కథ అది. దానికి మూలం రెండు బెంగాలీ రచనలు: రవీంద్రనాథ్ మైత్ర నాటకం ‘మాన్‌మయీ గర్ల్స్ స్కూల్’, శరదిందు బంద్యోపాధ్యాయ ‘డిటెక్టివ్’. ఈ రెంటినీ కలిపి ఒకే కుటుంబ కథగా అల్లారు. నిరుద్యోగం, అబద్ధం, మతం, పెళ్లి... ఇంత బరువైన సరుకు ఎక్కడా ఉపన్యాసం కాకుండా నవ్వుల్లో సాగిపోతుంది. దశాబ్దాలపాటు శ్రద్ధగా చదివిన మనిషికే అబ్బే తేలికతనం అది. అదే కథ తమిళంలోనూ, 1957లో ‘మిస్ మేరీ’గా హిందీలోనూ నడిచింది.

అదే నాగిరెడ్డి, చక్రపాణి గార్ల పిల్లల మాసపత్రిక ‘చందమామ’ 1947 జులైలో మొదలైంది. దాని భాషను ఇన్నేళ్ల తర్వాత చదివినా నాకు గౌరవమే పెరుగుతుంది. తెనాలిలోనే పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికను నడిపారు. చదివింది భౌతికశాస్త్రం. ఇష్టంగా చదువుకున్నదానికి మాత్రం ఎల్లల్లేవు: విజ్ఞానం, చరిత్ర, ప్రపంచ సాహిత్యం, సంగీతం, సినిమా. హోమర్ ‘ఒడిస్సీ’ని ‘రూపధరుడి యాత్రలు’గా పిల్లల చేతిలో పెట్టిన పత్రిక అది. గ్రీకు పేర్లు నోరు తిరగక పిల్లవాడు కథ వదిలేయకూడదని పేర్లనూ తెలుగు చేశారు. తెనాలి ప్రాంతం నుంచే వెళ్లిన దాసరి సుబ్రహ్మణ్యం గారు ‘తోకచుక్క’ లాంటి ధారావాహికలు రాశారు. ఆ పేజీల మీద రచయిత పేరు ఉండేది కాదు. అయినా తర్వాతి నెల సంచిక కోసం పిల్లలు ఎదురుచూశారు.

గుంటూరు, ఒంగోలు కాలేజీల్లో ఇప్పుడు చదువంటే ర్యాంకు. దాన్ని నేను తప్పుపట్టను. పత్తికి ధర లేని ఏడు, మిరపకు తామరపురుగు తగిలిన ఏడు ఇంట్లో ఒక జీతం ఉండడం చిన్న సంగతి కాదు. అయితే సిలబస్ బయటి చదువు కూడా జీతం తెచ్చిన చరిత్ర ఈ జిల్లాలదే. సినిమా రచన, డబ్బింగ్, సబ్‌టైటిళ్లు, పత్రికలు, ప్రచురణ... అన్నిచోట్లా మంచి తెలుగు వాక్యం రాసేవాళ్ల కోసం వెతుకుతున్నారు. ప్రతి శాఖా గ్రంథాలయంలో వారానికి ఒక సాయంత్రం నలుగురు పిల్లలు కూర్చుని, ఒక హిందీ కథో తమిళ కథో తలా ఒక పేజీ తెలుగు చేసి, ఒకరిది ఒకరు పైకి చదివి దిద్దుకుంటే చాలు. దీనికి బల్లలు, దీపాలు, పుస్తకాలు అక్కడే ఉన్నాయి. కూర్చోబెట్టే పెద్దమనిషి ఒకరు కావాలి. రిటైరైన తెలుగు మాస్టార్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.