ఆ ఒక్క గంట

ప్రభుత్వ ఉత్తర్వుల్ని కూడా కథల్లాగే చదవొచ్చని నా నమ్మకం. ఎవర్ని తల్చుకుని రాశారో, ఎవర్ని మర్చిపోయారో ఆ వాక్యాలే చెప్పేస్తాయి. 2025 రంజాన్‌కి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వునే తీసుకోండి. మార్చి 2 నుంచి 31 దాకా ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే ఆఫీసు నుంచి వెళ్లొచ్చు. టీచర్లకీ, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకీ వర్తిస్తుంది. అత్యవసరమైన పనుంటే మాత్రం ఆగాలి. ఉమ్మడి రాష్ట్రంలోనూ ఉన్న ఆనవాయితీయే ఇది. అయినా ‘బుజ్జగింపు’ అని బీజేపీ గోల చేసింది.

ఆ గోలలో నేను గొంతు కలపను. దసరాకీ దీపావళికీ ఆఫీసులు మూతపడితే మనకెవరికీ అది బుజ్జగింపుగా తోచదు కదా! నా పేచీ వేరు. ఈ ఉత్తర్వు ఊహించుకున్న ఉద్యోగి ఎవరు? నాలుగింటికి ఇంటికెళ్లి, కాస్త నడుం వాల్చి, ఇఫ్తార్ చేసి నమాజుకి మసీదుకెళ్లే మగవాడు.

నారాయణగూడలో ఒక ఆఫీసులో పనిచేసే స్నేహితురాలుంది నాకు. ఆపా అని పిలుస్తాను. “గంట ముందు వదిలితే మంచిదే. పకోడీల పిండి కలపడానికి సరిపోతుంది” అంటుంది. సహరీ వంటకి మూడింటికే లేచిన మనిషి. ఎల్బీ స్టేడియంలో సర్కారు ఇఫ్తార్ జరిగే సాయంత్రం కూడా ఆమె పొయ్యి దగ్గరే ఉంటుంది.

స్కైబాబ సంపాదకత్వంలో 2004లో వచ్చిన ‘వతన్’ కథలు నాబోటివాళ్లకి ముస్లిం ఇళ్ల లోపలి తలుపు తెరిచాయి. ఆ తలుపు దాకా సర్కారు చూపు ఇంకా రాలేదు.

అసలు ఆ గంట దక్కాలన్నా ముందు ఉద్యోగం ఉండాలి. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో, చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకుని రోజా ఉండే ఆడపిల్లలకి ఈ ఉత్తర్వు వర్తించదు. నారాయణగూడ బట్టల షాపుల్లో రాత్రిదాకా నిలబడే అమ్మాయిలకీ అంతే. 2007లో చట్టం చేసిన 4 శాతం రిజర్వేషన్ 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నిలబడి నడుస్తూ వచ్చింది. ఇఫ్తార్ విందు కన్నా ఆ పిల్లలకి కావల్సింది అదీ, నోటిఫికేషన్లూ.

ఇంకోటి. బహిష్టు రోజుల్లో ఆడవాళ్లు రోజా ఉండరు. తప్పిపోయినవి పండగ వెళ్లాక, వచ్చే రంజాన్‌లోపు ఒక్కొక్కటే తీర్చుకోవాలి. ఉత్తర్వేమో మార్చి 31తో అయిపోయింది. పగలు చిన్నదని ఆపా తన బాకీ రోజాలు డిసెంబర్‌లో పెట్టుకుంటుంది. అప్పుడు పొద్దు ఐదూ నలభైకే గుంకుతుంది, ఆఫీసు వదిలేది ఐదింటికి. ముషీరాబాద్‌లో ఇల్లు చేరేదాకా ఆగడం కుదరదు. అందుకని బ్యాగులో ఖర్జూరాల పొట్లం పెట్టుకుంటుంది. చిక్కడపల్లి ట్రాఫిక్‌లో ఆగిన బస్సులో, నిలబడే రోజా విప్పుతుంది.