సూరత్ బకావళి

సచిన్ అనగానే మనకు క్రికెట్ గుర్తొస్తుంది. సూరత్‌లో మరమగ్గాల మీద బతికే తెలుగు పద్మశాలీ కుటుంబాలకు మాత్రం అది ఊరికి దక్షిణాన ఉన్న పారిశ్రామికవాడ. వందేళ్ల కిందట ఆ పేరు ఒక చిన్న సంస్థానానిది. దాన్ని ఏలినవాళ్లు సిద్దీలు. ఎన్నడో ఆఫ్రికా నుంచి వచ్చి ఈ నేలలో కలిసిపోయినవాళ్లు. మన హైదరాబాదులోనూ వాళ్ల జాడ ఉంది. ఏసీ గార్డ్స్ అన్న పేట పేరు విని చల్లని యంత్రాల కాపలా అనుకునే కొత్తవాళ్లుంటారు గానీ, అది నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌కు పొట్టిపేరు.

ఆ సచిన్ నవాబు మూడో ఇబ్రహీం మహమ్మద్ యాకుత్ ఖాన్‌కూ, ఉర్దూ నాటకాల నటి ఫాత్మా బేగమ్‌కూ 1911లో సూరత్‌లో పుట్టిన పిల్ల జుబేదా. వాళ్లిద్దరికీ పెళ్లి అయినట్టు గానీ, నవాబు ఆ బిడ్డల్ని తనవాళ్లుగా గుర్తించినట్టు గానీ కాగితం ఏదీ లేదు. జుబేదాకు సంక్రమించింది తల్లి వృత్తి. తోబుట్టువులు సుల్తానా, షెహజాదీ కూడా ఆ దారిలోనే వచ్చారు.

జుబేదా పేరు ఎత్తితే ఎవరైనా 1931 మార్చి 14 దగ్గరే మొదలుపెడతారు. బొంబాయి మెజెస్టిక్ సినిమాలో మొదటి హిందీ టాకీ ‘ఆలం ఆరా’ విడుదలైన రోజు అది. కథానాయిక జుబేదా. అది గొప్పే. కానీ నాకు అంతకన్నా ముందరి ఏడెనిమిదేళ్ల మీదే ఎక్కువ మోజు. మాట లేని ఆ ఏళ్లలో ఆమె చేసిన పని తెలియకపోతే, మాట వచ్చిన రోజు ఆమె ఒక్కతే ఎందుకు అంత నిబ్బరంగా నిలబడగలిగిందో అర్థం కాదు.

పన్నెండేళ్ల వయసుకే ఆమె బొంబాయిలో ద్వారకాదాస్ సంపత్ నడిపే కోహినూర్ కంపెనీలో అడుగుపెట్టింది. 1924లో ఆ కంపెనీ ‘గుల్-ఎ-బకావళి’ తీసింది. దర్శకుడు కాంజీభాయి రాథోడ్, ఆయనదీ సూరత్ చుట్టుపక్కల పల్లే. గులేబకావళి కథ మనకు కొత్తది కాదు. 1962లో ఎన్టీఆర్ తీసిన సినిమాతో తెలుగిళ్లలో నానిపోయిన పేరు. అయితే దానికి ముప్పై ఎనిమిదేళ్ల ముందే, నోరు విప్పకుండా ఆ కథను దేశమంతా తిప్పింది ఈ సూరత్ పిల్ల ఉన్న బొమ్మ. ఆ మరుసటేడు, అంటే 1925లో, ఆమెవి తొమ్మిది సినిమాలు వచ్చాయి. సగటున నలభై రోజులకొకటి. వయసు పద్నాలుగు. ఇప్పటి లెక్కన ఎనిమిదో తొమ్మిదో తరగతి.

మూకీలో నటించడమంటే కళ్లు తిప్పడం, గుండెలు బాదుకోవడం అనుకుంటాం. అసలు కష్టం ఫిల్ములోనే ఉండేది. ఆ రోజుల నలుపు తెలుపు ఫిల్ముకు ఎరుపు ఆనదు. నీలం తెల్లగా పాలిపోతుంది. పెదవికి ఎర్రరంగు వేస్తే నోటి దగ్గర నల్లటి గుంట కనిపిస్తుంది. నుదుట కుంకుమ బొగ్గుచుక్క అవుతుంది. ఎర్రపట్టు కట్టుకున్న పెళ్లికూతురు తెర మీద నల్లచీరతో వచ్చి నిలబడుతుంది. రంగులు ఇలా మోసం చేస్తుంటే నమ్ముకోదగ్గవి నల్లటి కనుపాప, కనుబొమ గీత, చేతివేళ్ల కదలిక. అందుకే మూకీ నటి ముఖంలో పని అంతా కళ్ల దగ్గరే పోగుపడింది. అది అతి కాదు, ఫిల్ము గుణం తెలిసిన నేర్పు.

పైగా ఎండ. స్టూడియోల్లో ఎక్కువ పని పగటి వెలుతురుతోనే సాగేది. మెరుగురేకులు అతికించిన పలకలతో ఎండను మొహం మీదికి తిప్పేవాళ్లు. ఆ వెలుగులో కళ్లు చిట్లకుండా, నీళ్లు కారకుండా, ప్రేమగా చూడాలి. ఒకసారి వేసవి మిట్టమధ్యాహ్నం అద్దాన్ని ఎండకు పట్టి, ఆ వెలుగు మొహాన పడేట్టు పెట్టుకుని చూశాను. పది లెక్కపెట్టేలోగా తల తిప్పేశాను. కెమెరానేమో చేత్తో తిప్పేవాళ్లు. తిప్పే చెయ్యి నెమ్మదిస్తే తెర మీద మనిషి పరుగెడతాడు. అందుచేత చెయ్యి ఎత్తడం, తల వంచడం అన్నీ కెమెరామన్ చేతివేగాన్ని అంచనా వేసుకుని తూచి చెయ్యాలి. హాల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి, మధ్యమధ్య వచ్చే అక్షరాల పలకలు మిగతాది చూసుకునేవి.

మరో సంగతి ఉంది. మూకీ షూటింగు అస్సలు నిశ్శబ్దంగా జరిగేది కాదు. కెమెరా తిరుగుతుండగానే దర్శకుడు అరుస్తూనే ఉండేవాడు, ఇటు చూడు, ఇప్పుడు ఏడు, మెల్లగా లే అని. పక్క సెట్టులో సుత్తి దెబ్బలు పడుతున్నా ఎవరికీ పట్టేది కాదు. నటికి ఆ కేకలే చేతికర్ర. నిశ్శబ్దం టాకీతోనే వచ్చింది.

ఈ నడుమ ఇంట్లోనే ఒక కంపెనీ వెలిసింది. 1926లో ఫాత్మా బేగమ్ సొంతంగా ఫాత్మా ఫిల్మ్స్ పెట్టి ‘బుల్‌బుల్-ఎ-పరిస్తాన్’ తీసింది. మన దేశంలో సినిమాకు దర్శకత్వం వహించిన మొదటి మహిళ ఆమే. ఆ సినిమాలో జుబేదా కూడా ఉంది. ఇంట్లో అమ్మ, సెట్టు మీద దర్శకురాలు. ఆ మరుసటేడే పూర్తిగా వేరే రకం వేషం. నవల్ గాంధీ తీసిన ‘బలిదాన్’ రవీంద్రుడి నాటకం ఆధారంగా వచ్చింది. కాళి గుడిలో జంతుబలిని ప్రశ్నించే కథ. అప్పట్లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన సినిమాటోగ్రాఫ్ కమిటీ ఆ చిత్రాన్ని అచ్చమైన భారతీయ చిత్రమని మెచ్చుకుంది. పరీల కథలో అమ్మాయినీ, రవీంద్రుడి కథలో అమ్మాయినీ ఏడాది తేడాలో మోయడం చిన్న విషయమేమీ కాదు.

ఇక ఆలం ఆరా. ఇంపీరియల్ కంపెనీ అధిపతి అర్దేశిర్ ఇరానీ దగ్గర అప్పటికే సులోచన ఉంది. అసలు పేరు రూబీ మయర్స్. దేశంలో ఆమెను మించిన తార లేదు. కానీ హిందుస్తానీ సరిగా పలకదు. తర్వాత ఏడాదిపాటు ఆగి భాష నేర్చుకుని మళ్లీ వచ్చింది. హీరో మాస్టర్ విఠల్‌కూ అదే తంటా. కత్తి తిప్పితే ఎదురులేదు గానీ నాలుక తిరగదు. అందుకే అతని పాత్రను చాలాసేపు మైకంలో పడుకోబెట్టారని చెప్పుకుంటారు. జుబేదాకు ఆ చిక్కు లేదు. ఉర్దూ నాటకాల తల్లి కడుపున పుట్టి, సంభాషణలు వింటూ పెరిగిన పిల్ల. ఏడెనిమిదేళ్లు తెర మీద అక్కరలేక ఇంట్లోనే ఉండిపోయిన మాట ఆమెది. ఆ మూగ ఏళ్లలో తుప్పు పట్టలేదు.

పరికరం కూడా పెంకిది. టానార్ యంత్రంలో బొమ్మా ధ్వనీ ఒకే ఫిల్ము మీద పడతాయి. కోసి అతికించడం మహా కష్టం. స్టూడియో రైలుపట్టాల పక్కనే. అందుకని రైళ్లు ఆగిన తర్వాత, రాత్రిపూట తీసేవాళ్లు. మైకులు పట్టుకునే పొడుగు కర్రలు అప్పటికి అక్కడ లేవు. కెమెరాకు కనపడకుండా ఎక్కడెక్కడో దాచేవాళ్లు. నేపథ్యగానం మాట అసలే లేదు. పాడేవాళ్లే నటించాలి, నటించేవాళ్లే పాడాలి. వాద్యగాళ్లు చాటున కూర్చుని హార్మోనియం, తబలా వాయించాలి. సినిమాలోని ఏడు పాటల్లో జుబేదా గొంతు కూడా ఉంది. ఇప్పుడు ఆమె పరిస్థితి ఆలోచించండి. నిన్నటిదాకా ఎండలో, కేకల మధ్య, కళ్లతో పని. ఇవాళ అర్ధరాత్రి, చీమ చిటుక్కుమనకూడదు, దర్శకుడు నోరు మూసుకున్నాడు, మైకు ఏ పూలకుండీలోనో ఉంది. దాన్ని దాటి జరగకూడదు, దానివైపు చూడకూడదు, పాట తప్పకూడదు. తప్పితే మొదటి నుంచీ మళ్లీ. తిరగడం, చూడడం ఒంటికి ముందే పట్టేశాయి కాబట్టి ఆమె మనసంతా మాట మీద పెట్టగలిగిందని నా నమ్మకం.

ఆలం ఆరా ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. ఫొటోలూ పోస్టర్లూ మాత్రం ఉన్నాయి. ఆ సినిమాలో ఒక చిన్న వేషం వేసిన ఏలూరు ప్రాంతపు కుర్రాడు మాత్రం మనకు బాగా తెలుసు, ఎల్.వి.ప్రసాద్. ఆ తర్వాత అదే ఇరానీ హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో ‘కాళిదాస్’, దాని వెనకే మన తెలుగు మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ తీశాడు. ఆ రెండింట్లోనూ ప్రసాద్ ఉన్నాడు.

జుబేదా తర్వాతి కాలం గురించి ఎక్కువ చెప్పను. 1932లో ఎజ్రా మీర్ ‘జరీనా’లో సర్కస్ పిల్ల వేషం వేస్తే ముద్దుల మీద సెన్సారు రచ్చ జరిగింది. సుభద్ర, ఉత్తర, ద్రౌపది వేషాల్లోనూ జనం మెచ్చారు. 1934లో నానూభాయి వకీల్‌తో కలిసి మహాలక్ష్మీ మూవీటోన్ పెట్టింది. చివరి సినిమా 1949లో వచ్చిన ‘నిర్దోష్ అబలా’.

ఆమె పెళ్లాడింది హైదరాబాదు రాజా నర్సింగ్‌గీర్ ధన్‌రాజ్‌గీర్‌ని. నిజాంకే అప్పులిచ్చిన గోసాయి షావుకార్ల కుటుంబం వాళ్లది. గోషామహల్ వైపు ఉన్న జ్ఞాన్‌బాగ్ వాళ్ల ప్యాలెస్. బొంబాయిలో గేట్‌వే దగ్గర ధన్‌రాజ్ మహల్ వాళ్లదే. 1988 సెప్టెంబరు 21న ఆమె కన్నుమూసింది ఆ మహల్‌లోనే.