తలుపు తీసినవాణ్ణి ఏ భాషలో అడగాలి

2020 డిసెంబరులో మాస్కో శివారు అపార్ట్‌మెంటు ఒకదానిలో సీఎన్ఎన్ విలేకరి క్లారిస్సా వార్డ్ తలుపు తట్టారు. ఆ ఆగస్టులో రష్యా ప్రతిపక్ష నేత అలెక్సీ నవాల్నీ మీద విషప్రయోగం జరిగింది. అంతకుముందు కొన్నేళ్లుగా ఆయన వెంట తిరిగిన గూఢచారుల జాడ తీసిన బెల్లింగ్‌క్యాట్ అనే పరిశోధక బృందంతో కలిసి సీఎన్ఎన్ ఆ కథనాన్ని ప్రసారం చేయబోతోంది. ఆ గూఢచారుల్లో ఒకడిది ఆ ఇల్లు. తలుపు తీశాడు. నవాల్నీకి విషం పెట్టింది మీ వాళ్లేనా అని ఆమె రష్యన్‌లోనే అడిగారు. అతను మాట్లాడకుండా తలుపేసుకున్నాడు.

బైట్, అంటే కెమెరా ముందు జవాబు, దక్కలేదు. కానీ ప్రశ్న నేరుగా అతని చెవిన పడటం, విన్నాక తలుపేసుకోవడం కెమెరాకు చిక్కాయి. మధ్యలో దుబాసీ ఉండి ఉంటే ప్రశ్న సగంలో ఉండగానే తలుపు పడేది.

వార్డ్ 1980లో లండన్‌లో పుట్టారు. తల్లి అమెరికన్, తండ్రి బ్రిటిషర్. యేల్ విశ్వవిద్యాలయంలో తులనాత్మక సాహిత్యం చదువుతుండగా 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగాయి. తనను జర్నలిజం వైపు నెట్టింది అవేనని ఆమె చెబుతారు. ఫాక్స్ న్యూస్ డెస్కులో రాత్రి డ్యూటీతో మొదలుపెట్టి బాగ్దాద్, బీరూట్ చేరారు. ఏబీసీ కోసం మాస్కోలో, బీజింగ్‌లో పనిచేశారు. సీబీఎస్ మీదుగా 2015లో సీఎన్ఎన్‌కు వచ్చారు. ఇంతకీ ఆమెకు వచ్చిన భాషలెన్ని? సీఎన్ఎన్ చెప్పే లెక్క ఇది: ఫ్రెంచి, ఇటాలియన్ ధారాళం, రష్యన్, అరబిక్, స్పానిష్ సంభాషణకు సరిపడా, చైనీస్ ఏదో కొద్దిగా. ఈ గ్రేడింగు నాకు నచ్చింది. మన బయోడేటాల్లో రెండు సినిమాలు చూసిన భాష కూడా ‘వచ్చు’ జాబితాలో చేరిపోతుంది.

భాషల సంఖ్యతోనే లోకాన్ని ఆశ్చర్యపరిచిన రిపోర్టరు ఇంకొకరున్నారు, ఫిలిప్ క్రౌథర్. లగ్జెంబర్గ్‌లో పుట్టినవాడు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో నిలబడి ఇంగ్లిషు, లగ్జెంబర్గిష్, స్పానిష్, పోర్చుగీస్, ఫ్రెంచి, జర్మన్‌లలో ఆయన ఇచ్చిన లైవ్‌ల వీడియో ఫోన్ల నిండా తిరిగింది. అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ తరఫున నానా దేశాల ఛానెళ్లకు వార్తలు అందించడమే అప్పట్లో ఆయన ఉద్యోగం. ఒకే మనిషి, ఒకే నగరం, ఆరు భాషల స్టూడియోలు. ముచ్చటగానే ఉంది. కాకపోతే అది చెప్పే విద్య. యుద్ధంలో భాష ఎక్కువగా పనికొచ్చేది వినడానికి.

దుబాసీ సాయంతో మాట్లాడితే ఒక తల్లి ఏడుస్తూ ఐదు నిమిషాలు చెప్పింది ఒక్క వాక్యమై రిపోర్టరుకు అందుతుంది. అడ్డుప్రశ్న వేయాల్సిన క్షణం అప్పటికే దాటిపోతుంది. భాష తెలిస్తే, బైట్ ఇస్తున్న మనిషి వెనక నిలబడ్డవాళ్లు గొణిగేది కూడా వినబడుతుంది. చెక్‌పోస్టు దగ్గర తుపాకులవాళ్లు తమలో తాము అనుకునేది అర్థమైతే కారు వెనక్కి తిప్పాలో వద్దో ముందే తెలుస్తుంది. ఇవేవీ టీవీలో కనబడవు. కెమెరా వైపు తిరిగి పీటూసీ చెప్పేటప్పుడు వాక్యం ధీమాగా పడిందంటే దాని వెనక ఈ వినికిడి ఉంటుంది. ఉక్రెయిన్ యుద్ధం మొదటి రోజుల్లో మన తెలుగు ఛానెళ్లకు ఆ వినే పని చేసిపెట్టింది అక్కడ వైద్యవిద్య చదువుతున్న మన పిల్లలే. బంకర్ల నుంచి వాళ్లు చేసిన వీడియో కాల్స్‌లో ఉన్న బలం స్టూడియో గ్రాఫిక్స్‌లో ఎక్కడా లేదు.

సిరియాలో లెక్క ఇంకో రకం. 2011లో వార్డ్ టూరిస్టు వేషంలో, చిన్న కెమెరాతో డమాస్కస్ వెళ్లారు. 2016లో నిఖాబ్ వేసుకుని తిరుగుబాటుదారుల ప్రాంతాల్లోకి వెళ్లి, ఆ ఆగస్టులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి సభ్యుల ముందు అలెప్పో స్థితి వివరించారు. నిఖాబ్ మొహాన్ని దాస్తుంది, గొంతును దాచదు. మనం గోదావరి మాటకూ పాలమూరు మాటకూ తేడా పట్టినట్టే సిరియన్లు యాసను బట్టి ఊరునూ, ఒక్కోసారి మతశాఖనూ పసిగడతారు. అక్కడ అరబిక్ వచ్చినా నోరు మెదపకపోవడమే అసలు నేర్పు.

ఆ నేర్పు, విదేశీ విలేకరులకు దారిచూపి సాయపడే స్థానిక ఫిక్సర్‌కు పుట్టుకతో ఉంటుంది. దారి, యాస, ఎవరికి ఫోన్ చేయాలన్నదీ అతనికే తెలుసు. ప్రమాదంలో మాత్రం అతని వాటా వేరు. 2007లో అఫ్గానిస్తాన్‌లో తాలిబన్లు ఇటలీ విలేకరి డానియేలే మాస్త్రోజాకొమోను ఎత్తుకెళ్లినప్పుడు ఖైదీల మార్పిడితో ఆయన బయటపడ్డారు. డ్రైవరునూ, ఫిక్సర్ అజ్మల్ నక్ష్‌బందీనీ చంపేశారు. అవార్డు వేదికల మీద ఫిక్సర్ల పేర్లు గబగబా చదివేయడం చూసినప్పుడల్లా నాకు ఇబ్బందిగా ఉంటుంది.

భాష వచ్చినా మోసపోవచ్చు. 2024 డిసెంబరులో సిరియా అధ్యక్షుడు అసద్ పారిపోయిన కొద్ది రోజులకు డమాస్కస్‌లోని ఒక గూఢచారి సంస్థ జైల్లో వార్డ్ బృందానికి తాళం వేసి ఉన్న గది కనబడింది. తాళం పగలగొట్టించారు. దుప్పటి కింద ఒక మనిషి. హోంస్ నగరానికి చెందిన సామాన్యుణ్ణని, మూడు నెలలుగా ఖైదులో ఉన్నానని చెప్పి, రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. దృశ్యం ప్రపంచమంతా చూసింది. ఇన్నాళ్లు చీకట్లో ఉన్నవాడు ఇంత శుభ్రంగా ఎలా ఉన్నాడని చూసినవాళ్లలోనే కొందరికి అనుమానమొచ్చింది. వెరిఫై సీ అనే సిరియా నిజనిర్ధారణ సంస్థ హోంస్ వాసులను వాకబు చేసి, అతను అసద్ వైమానిక దళ గూఢచారి విభాగంలో అధికారి అని తేల్చింది. దొరికిన ఫొటోతో పోల్చి చూసుకుని సీఎన్ఎన్ కూడా ఒప్పుకుంది. వార్డ్ అడిగిన ప్రశ్నల్లో తప్పేమీ లేదు. అతని ఊరివాళ్లను అడగకుండానే కథనం ప్రసారమైపోయింది.