మెదక్ పోతే కోట కూడా ఎక్కండి

హైదరాబాద్ పక్కన సాతంరాయి నుంచి శంషాబాద్ దాకా బెంగళూరు రోడ్డుకు అటూ ఇటూ ఉన్న గుట్టలు ఒక్కొక్కటే మాయమవడం చూస్తూ వచ్చాను. 2008లో విమానాశ్రయం మొదలయ్యాక ఆ వేగం ఇంకా పెరిగింది. మందు పెట్టి పేల్చడం, మిషన్లో వేసి కంకర చేయడం, ప్లాట్లు గీయడం. రాయి కొట్టే పనిని ఎప్పుడూ ఇష్టంగా నిలబడి చూసే నాకు, అది మనసుకు కష్టంగా ఉంటుంది. మంచి పనివాడు ముందు రాతిని సుత్తితో తట్టి వింటాడు. ఖంగుమంటే గట్టిది, బొంగురుగా పలికితే లోపల చీలిక ఉన్నట్టు. ఏ వైపు చీలుతుందో చూసుకుని వరసగా చిన్న గుంటలు తొలుస్తాడు. వాటిలో ఇనుప మేకులు దింపి ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా కొట్టుకుంటూ పోతాడు. తొందరపడ్డాడా, బండ వంకరగా పగులుతుంది.

ఈ పని ఒక ఊరికి ఏమిచ్చిందో చూడాలంటే మెదక్ పోవాలి. అందరూ చర్చికే పోతారు. నేను మాత్రం ముందు కోట ఎక్కుతాను.

కాకతీయుల నాటి కోట అది. ప్రతాపరుద్రుడు కట్టించాడని చెప్తారు. ప్రథమ ద్వారం మీద గండభేరుండం ఉంటుంది. దాని తర్వాత సింహ ద్వారం, గజ ద్వారం. 1323లో కాకతీయుల రాజధాని ఓరుగల్లు పడిపోయినా ఈ కోట అవసరం తీరలేదు. కుతుబ్‌షాహీల నాటి మసీదు, 17వ శతాబ్దపు ఫిరంగి పైన ఇప్పటికీ ఉన్నాయి. ఇవన్నీ చూడదగ్గవే, కానీ నన్ను నిలబెట్టేసేది గోడ. కట్టినవాళ్లు కొండను చెక్కి చదును చేయలేదు. పెద్ద బండ ఎక్కడ ఉంటే అక్కడ దాన్నే గోడగా వాడుకుని, ఖాళీ ఉన్నచోట మాత్రమే కట్టారు. ఎక్కడ చేయి పెట్టకూడదో తెలిసినవాళ్ల పని అది.

చర్చిది పూర్తిగా వేరే లెక్క. దాన్ని కట్టించింది క్రైస్తవ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్. 1914లో కట్టడం మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. నమూనా గీసింది థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్ అనే ఇంగ్లండ్ వాస్తుశిల్పి. వంద అడుగుల వెడల్పు, రెండువందల అడుగుల పొడవు, 175 అడుగుల గంట గోపురం. మొదటి ప్రపంచయుద్ధం రోజులు, పైగా కరువు. ఆకలితో వచ్చినవాళ్లకు ఊరికే అన్నం పెట్టకుండా పని ఇచ్చి తిండి పెట్టారు. నాకు ఇది చాలా గొప్ప నిర్ణయంగా కనిపిస్తుంది. దానం తిన్నవాడిగా కాదు, కట్టినవాడిగా మనిషి ఇంటికి పోయాడు.

ఊహించండి, మన కూలీలు ఎన్నడూ చూడని గోథిక్ కమాను. మొన తేలిన ఆ వంపులో ప్రతి రాయీ పక్కదాని మీద ఒరిగి నిలబడాలి. కింద చెక్క సెంట్రింగ్ తీశాక లెక్క తప్పితే దాచుకోవడానికి ఏమీ ఉండదు. నేల మీది రంగుల పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి, వాటిని పరచడానికి ఇటలీ మేస్త్రీలు వచ్చారు. అద్దాల కిటికీలు ఫ్రాంక్ సాలిస్‌బరీవి. ఆ పేర్లన్నీ మనం చెప్పుకుంటాం. బూడిదరంగు రాతిని అంత నున్నగా చెక్కిన మన కూలీల పేర్లు చెప్పుకోం. కోట కట్టినవాళ్లవీ అంతే. ఆరు వందల ఏళ్ల తేడాలో ఈ ఒక్క విషయం మారకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

పాత గోడలకు మరమ్మతు చేసే అధికారులకు ఒక మాట. సున్నంతో కట్టిన చోట సిమెంటు పూయకండి. సిమెంటు తేమను లోపలే ఆపేస్తుంది, చివరికి పక్కనున్న రాయే దెబ్బతింటుంది. సున్నం పని, ఉలి పని తెలిసిన పెద్దవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్లను పిలిచి, కూలి సరిగ్గా ఇచ్చి, పక్కన నలుగురు కుర్రాళ్లను పెట్టి నేర్పించండి.

క్రిస్మస్‌కు మెదక్ పోయేవాళ్లు కాస్త పొద్దున్నే బయల్దేరి, ఎండెక్కకముందే కోట ఎక్కండి. గోడ మీద మాత్రం మీ పేర్లు రాయకండి.