గాయం తర్వాతి కథ

మన అభ్యుదయ కథాసాహిత్యంలో కార్మికుని గాయానికి గౌరవప్రదమైన స్థానమే వుంది. మరలో నలిగిన చేయి, గనిలో విరిగిన నడుము, మిల్లు ధూళితో నిండిన ఊపిరితిత్తులు మన రచయితలు మళ్లీ మళ్లీ చిత్రించిన వస్తువులు. అయితే ఈ కథల్లో ఎక్కువభాగం గాయం దగ్గరే ఆగిపోతాయి. రక్తం చిందుతుంది, భార్య గుండెలు బాదుకుంటుంది, తోటివారు పిడికిళ్లు బిగిస్తారు, కథ ముగుస్తుంది. గాయపడినవాడు మూడు నెలల తర్వాత కట్టు విప్పుకొని నష్టపరిహారం అడగడానికి పోతే ఏం జరుగుతుంది? ఆ మరుసటి రోజు అతనికి పని వుంటుందా? అసలు నాటకం మొదలయ్యేది అక్కడ. మన కథకులు తెర దించేస్తున్నదీ అక్కడే. ఇది కేవలం వస్తువు ఎంపికలో లోపం కాదు, దృక్పథంలో లోపమని నా అభిప్రాయం.

మొదట చట్టం సంగతి చూద్దాం. పనివారల నష్టపరిహార చట్టం 1923లో వచ్చింది. దాని పట్టికలో మనిషి ముక్కలు ముక్కలుగా లెక్కకట్టబడి వుంటాడు. బొటనవేలు పోతే సంపాదనాశక్తిలో 30 శాతం నష్టం, చూపుడువేలు పూర్తిగా పోతే 14, మధ్యవేలికి 12. పరిహారం హక్కును వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చినా ఆ కాగితం చెల్లదని కూడా అదే చట్టం చెప్పింది. ఇంత వివరంగా వేళ్లు లెక్కపెట్టిన చట్టం, పరిహారం అడిగినందుకు పనే పోతే ఏమిటన్న ప్రశ్నకు పట్టికలో ఒక్క గడి కూడా కేటాయించలేదు. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టంలో 73వ సెక్షన్ కొంత రక్షణ ఇచ్చింది. జబ్బు భృతి, తాత్కాలిక అంగవైకల్య భృతి పొందుతున్న కాలంలో యజమాని కార్మికుణ్ణి తొలగించరాదు, శిక్షించరాదు అన్నది. ఈ రెండు చట్టాలూ 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయాయి. ఆ స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది.

ఆ 73వ సెక్షన్‌కు ఏ గతి పట్టిందో చెప్పే కేసు ఒకటుంది. మద్రాసులోని బకింగ్‌హామ్ కర్నాటిక్ మిల్లులో తెలుగు పేరున్న ఒక కార్మికుడు సెలవు మీద పోయి, జబ్బుపడ్డానని, సెలవు దాటిన చాలా రోజులకు తిరిగివచ్చాడు. వైద్యుని ధ్రువపత్రం చూపించాడు. ఎనిమిది పనిదినాలు వరుసగా సెలవు లేకుండా రానివాడు పని వదిలిపోయినట్టేనని మిల్లు స్థాయీ ఉత్తర్వు. 1963లో సుప్రీంకోర్టు కంపెనీ పక్షానే తీర్పు చెప్పింది. యాజమాన్యం అతన్ని శిక్షించలేదు, ఉత్తర్వు ప్రకారం అతని ఉద్యోగం దానంతటది ముగిసింది, కాబట్టి 73వ సెక్షన్ అడ్డురాదన్నది. విచారణ లేకుండా ఇలా పేరు కొట్టివేయడం సహజన్యాయానికి విరుద్ధమని అదే కోర్టు మరో కేసులో చెప్పడానికి 1993 దాకా పట్టింది.

సాహిత్య విద్యార్థులు ఈ తీర్పును చట్టం కోసం కాక వ్యాకరణం కోసం చదవాలంటాను. 'తీసేశారు' అన్న వాక్యం 'మానేశాడు'గా మారింది. కర్త మారిపోయాడు. యజమాని చేసిన పని కార్మికుడు చేసిన పనిగా రిజిస్టరుకెక్కింది. మా సంగం చుట్టుపక్కల, నెల్లూరు దాకా వున్న బియ్యం మిల్లుల్లో, ఇసుక ఎత్తే చోట స్థాయీ ఉత్తర్వు పేరు తెలిసినవాళ్లు అరుదు. కానీ వాక్యం మాత్రం ఇదే. 'వాడే రావడం మానేశాడండీ' అంటాడు మేస్త్రీ. ఆ మేస్త్రీయే అంతకు ముందురోజు, 'చేయి బాగా నయం కానీరా, కబురు చేస్తాలే' అని ఆప్యాయంగా పంపివుంటాడు. ఆ కబురు ఎన్నటికీ రాదు. తొలగింపు ఉత్తర్వు లేదు కాబట్టి చూపడానికి కాగితమూ లేదు.

మన కథలు కూడా ఇదే వ్యాకరణంలో నడుస్తున్నాయి. 'యంత్రం చేయి మింగేసింది', 'గని పొట్టన పెట్టుకుంది' అని రాస్తాం. యంత్రం కర్త అయిన క్షణంలో, దాని మీది రక్షణకవచం తీయించినవాడు కథలోంచి తప్పుకుంటాడు. కరుణరసం పొంగేకొద్దీ బాధ్యత ఆవిరవుతుంది. ప్రేగ్ నగరంలో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో 1908 నుంచి 1922 దాకా పనిచేసిన కాఫ్కా, చిత్రికపట్టే యంత్రాల గురించి నివేదికలు రాశాడు. వేళ్లు పోయేది విధివశాన కాదని, చదరపు ఇరుసు వాడటం వల్లనని బొమ్మలతో సహా చూపాడు. ఆ చూపు మన వాస్తవికతకు అవసరం.

గాయం తర్వాతి కథను రాసినవారు లేకపోలేదు. అప్టన్ సింక్లెయిర్ 'జంగిల్' నవల 1906లో వచ్చింది. షికాగో కబేళాలో చీలమండ బెణికి మంచానపడిన కార్మికుడు తిరిగి పోయేసరికి అతని చోట మరొకడుంటాడు. నవల అతని పతనానికి గాయాన్ని కాక, గేటు ముందు నిరీక్షణను మూలం చేసింది. ఆ షికాగో వున్న ఇల్లినాయి రాష్ట్రంలో పరిహార చట్టం 1911లో వచ్చింది. పరిహారం కోరినందుకు ఉద్యోగం తీసేస్తే యజమానిపై దావా వేయవచ్చునని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అంగీకరించింది 1978లో. అడిగినవాడి పని పోతుందన్న భయం వుంటే హక్కు వున్నా లేనట్టే అన్న చిన్న సత్యాన్ని గుర్తించడానికి అరవయ్యేడేళ్లు పట్టింది.

కథ చట్టానికి వ్యాఖ్యానం కాదని, నేను సాహిత్యాన్ని అర్జీగా మార్చమంటున్నానని కొందరు మిత్రులు ఆక్షేపించవచ్చు. రావిశాస్త్రి వకీలు. సారా కథల్లో కోర్టును, పోలీసును, సాక్ష్యాన్ని తీసుకొచ్చాడు. అవి అర్జీలయ్యాయా? చట్టం మాట్లాడే భాషకూ, దాని కింద నలిగేవాడి భాషకూ మధ్య వున్న దూరమే ఆయన శిల్పానికి ముడిసరుకైంది. పరిహారం కేసులో ఆ ముడిసరుకు పుష్కలంగా వుంది. హాజరు పుస్తకంలో లేని పేరు, 'ఇతనెవరో మాకు తెలియద'నే యజమాని, 'నా దగ్గరేముంది' అనే కాంట్రాక్టరు, అన్నిటికీ మించి సాక్ష్యం చెప్పడానికి రాని తోటి కూలీ.

ఈ చివరి పాత్రే కీలకం. ఒకణ్ణి పనిలోంచి తప్పించేది వాడి కోసం కాదు, మిగతావారి కోసం. రేపు వేలు తెగినవాడు కట్టు కట్టుకొని నోరు మూసుకోవాలని. కాబట్టి ఆఖరి పేరాలో అందరూ ఒక్కసారిగా జెండా ఎత్తే ముగింపు ఈ వస్తువు విషయంలో అబద్ధమవుతుంది. పిరికితనాన్ని తిట్టడమూ అన్యాయమే, ఎందుకంటే ఆ మౌనం వెనుక పొయ్యి మీది ఎసరు వుంది. ఆ మౌనం ఎలా తయారవుతుందో, ఎంత కూలికి కొనబడుతుందో, ఏ పూట ఒక మనిషి దాన్ని దాటి సాక్ష్యానికి బయలుదేరుతాడో చూపగలిగితే, అదే చైతన్యాన్ని చిత్రించడం. యూనియన్ పుట్టేది కూడా అక్కడే, ఉపన్యాసంలో కాదు.

సంగం దగ్గర పెన్న మీద పందొమ్మిదో శతాబ్దంలో ఆనకట్ట కట్టారు. 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీ ప్రారంభమైంది. ఇలాంటివి కట్టింది ఎవరని అడగడం మన తరాలకు శ్రీశ్రీ నేర్పాడు. ఆ ప్రశ్న ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లోకెక్కింది, అడిగినవారికి ప్రమాదమేమీ లేదు. కడుతూ చేయి విరిగినవాడు మర్నాడు పనిలోకి ఎందుకు రాలేదన్నది దాని తర్వాతి ప్రశ్న. అది అడిగితే జవాబు చెప్పవలసినవాడు మన ఊళ్లోనే వుంటాడు, ఒక్కోసారి మన సాహిత్యసభకు చందా ఇచ్చినవాడే అయివుంటాడు. యువ రచయితలు ఆ ప్రశ్న దగ్గర కథ మొదలుపెట్టాలి.