కుర్చీ అందం, జిగురు కులం

చెక్క నగిషీ మీద మనకున్న రాతలు ఎక్కువగా తీగెల దగ్గరే ఆగిపోతాయి. హంస మెడ చేయిపిడి, సింహపు పాదం, తామర రేకు, ఇంతే. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో దివాన్ దేవిడీలో మొదలై 1968లో ఇప్పటి భవనానికి వచ్చింది. దాని పేరే సేకరించిన నవాబు పేరు. కొన్నవాడు చరిత్రకెక్కిండు, చెక్కినవాడు ‘హస్తకళ’ అయిండు.

ఈ చూపుకి సిద్ధాంతం ఇచ్చినవాళ్లలో ఆనంద కుమారస్వామి ముఖ్యుడు. 1909లో వచ్చిన ‘ది ఇండియన్ క్రాఫ్ట్స్‌మన్’లో తండ్రి నుంచి కొడుక్కి దిగే కులవృత్తిలోనే ఆయనకు కళ కనిపించింది. యంత్రాల మీద ఆయన కోపం న్యాయమైందే. కానీ ఆ కట్టుబాటులో ఉలి పట్టే హక్కే లేనివాడి సంగతేంటి? కులమంటే పని పంచుకోవడం కాదు, పనిచేసేవాళ్లనే మెట్లుమెట్లుగా విడగొట్టడమని 1936లో ‘కుల నిర్మూలన’లో అంబేద్కర్ తేల్చిండు. మన కళావిమర్శ ఆ మాట ఇంకా చెవిన పెట్టలేదు.

పనితనం చిన్నదని నేననను. జిట్రేగి చెక్క ఇనుములాంటిది. ఈనెకు ఎదురుగా ఉలి నడిస్తే రేకు పెట్టున లేచిపోతది. కుసి బెజ్జంలో బిగువుగా దిగాలి, మరీ బిగిస్తే చెక్క పగుల్తది. కొలబద్ద చెప్పని ఈ లెక్క చేతికి తెలవాలె. అది జ్ఞానం. పుట్టుకతో వచ్చేది మాత్రం కాదు. సహారన్‌పూర్‌లో శీషం చెక్కేవాళ్లు, కాశ్మీర్‌లో వాల్‌నట్ చెక్కేవాళ్లు ఎక్కువమంది ముస్లింలు. వాళ్లలో బిరాదరీలు లేవని కాదు. కానీ అక్కడ పని ఉస్తాద్ దగ్గర నేర్చుకునేదే. వర్ణధర్మం లేకపోతే కళ చస్తదన్న వాదం అక్కడ నిలవదు.

ఇంకో సంగతి, ఎవరూ రాయనిది. 1959లో ఫెవికాల్ రాకముందు వడ్రంగి కొట్టాల్లో అతుకులకి వాడింది ఎక్కువగా పశువుల తోళ్లు, ఎముకలు ఉడకబెట్టి తీసిన జిగురు. చచ్చిన గొడ్డును ఊరి బయటికి ఈడ్చి తోలు ఒలిచిన పని ఎవరి మెడకు కట్టారో చెప్పక్కర్లేదు. దొర వస్తుంటే మంచం మీంచి లేచి నిలబడాల్సిన మాల మాదిగలు ఆ కుర్చీ మీద కూసునుడు ఎక్కడిది! అంటరానివాళ్ల చేతుల మీదుగా వచ్చిన తోలు జిగురై ఆ కుర్చీ కీళ్లల్లోనే ఉంది. నవాబు, జమీందారు, పురోహితుడు దాని మీదే కూసున్నరు, ఎవరికీ మైల అంటలేదు.