ఎవరి సద్ది వాళ్ళే

బార్సిలోనాలో ఏడెనిమిది మంది విద్యార్థులు కలిసి ఉండే అద్దె ఫ్లాట్. ఫోన్ మోగుతుంది. ఇంగ్లీషు అమ్మాయి వెండీ ఎత్తుతుంది. అవతల పారిస్ నుంచి గ్జావియే వాళ్ళమ్మ. ఫోన్ పక్కన గోడకి ఒక కాయితం అంటించి ఉంటుంది. "అతను ఇంట్లో లేడు, సాయంత్రం వస్తాడు" లాంటి మాటలు ఒక్కో భాషలో ఎట్లా చెప్పాలో అందులో రాసిపెట్టుకున్నారు. వెండీ అది చూసి తంటాలు పడి ఫ్రెంచిలో చదువుతుంది. అబ్బాయి 'ఫాక్'కి వెళ్ళాడా అని అడుగుతుంది ఆ తల్లి. ఫ్రెంచిలో ఆ మాటకి కాలేజీ అని అర్థం, ఇంగ్లీషు చెవికి మాత్రం అది పచ్చి బూతు. వెండీ మొహం చూడాలి అప్పుడు.

సెడ్రిక్ క్లాపిష్ 2002లో తీసిన 'లోబెర్జ్ ఎస్పాన్యోల్' సినిమాలోది ఈ సీను. నేను దీన్ని 2020లో, లాక్‌డౌన్‌కి నాయుడుపేట వచ్చి ఇంట్లోంచే పని చేస్తున్న రోజుల్లో చూశాను. నేను అట్లా పడీపడీ నవ్వుతుంటే మా నాయన వాకిట్లోంచి లేచొచ్చి "ఏందబ్బా?" అన్నాడు. ఆయనకి చెప్పడం కష్టమైంది, ఎందుకంటే నేను నవ్వింది వెండీని చూసి కాదు. మా హాస్టల్లో 'సొల్లు' గుర్తొచ్చింది.

మద్రాసు శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. 2006. గదికి నలుగురం. మదురై వైపు కుర్రాడొకడు, వేలూరు వాడొకడు, నేను, కరీంనగర్ నుంచి వచ్చిన ఒక స్నేహితుడు. వార్డెన్‌కి ఏం చెప్పుకోబోయినా ముందు "సొల్లు, సొల్లు" అనేవాడు. తమిళంలో అది 'చెప్పు' అనడం. మా కరీంనగర్ వాడికి మాత్రం అది తెలుగు సొల్లు. మెస్సులో పప్పు నీళ్ళలా ఉందని ఫిర్యాదు చెయ్యడానికి వెళ్ళి, "నేను సొల్లు చెప్తున్ననట!" అని ఎర్రబడ్డ మొహంతో తిరిగొచ్చాడు. వాడికి అర్థం విప్పి చెప్పింది నేను. మా వైపు పెళ్ళి పట్టుచీరలకైనా పెద్దాసుపత్రికైనా మద్రాసే కాబట్టి, సొల్లు అంటే చెప్పు అని మాకు బళ్ళో వెయ్యకముందే తెలుసు. (2022 ఏప్రిల్ దాకా మాది నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. రెండింట్లోనూ మేము అంచునే.)

ఇంతకీ సినిమా. గ్జావియే పారిస్‌లో ఎకనామిక్స్ చదివే కుర్రాడు. స్పానిష్ వస్తే, తెలిసినాయన ద్వారా ఆర్థిక శాఖలో ఉద్యోగం వచ్చేలా ఉంది. దాంతో ఎరాస్మస్ పథకం కింద ఏడాదికి బార్సిలోనా చేరతాడు. యూరప్ దేశాల విద్యార్థులు ఒకరి దేశంలో ఒకరు కొన్నాళ్ళు చదువుకోవడానికి 1987లో మొదలైన పథకం అది. ఆ ఫ్లాట్‌లో ఇంగ్లీషు, జర్మన్, ఇటాలియన్, డేనిష్, స్పానిష్ పిల్లలుంటారు. తర్వాత బెల్జియం అమ్మాయి ఇసబెల్ వచ్చి చేరుతుంది. ఆ పాత్ర వేసిన నటి పేరు సెసీల్ ద ఫ్రాన్స్. పేరులో ఫ్రాన్స్, పుట్టింది బెల్జియం! సినిమా పేరుకి 'స్పెయిన్ సత్రం' అని అర్థం. మనం కట్టుకుపోయిందే అక్కడ మనకి తిండి అని ఫ్రెంచి వాళ్ళ వాడుక. సద్దిమూట లేకుండా వెళ్తే పస్తే అన్నమాట.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది క్లాసురూము సీను. ప్రొఫెసర్ పాఠం కాటలాన్‌లో చెబుతుంటాడు. ఇసబెల్ లేచి, మాలాంటి విదేశీ విద్యార్థులు చాలామంది ఉన్నాం, కాస్త స్పానిష్‌లో చెప్పమని అడుగుతుంది. కుదరదంటాడాయన, స్పానిష్ కావాలంటే వేరే చోటికి పొమ్మన్నట్టు. ఫ్రాంకో కాలంలో కాటలాన్‌ని బళ్ళలోంచీ ఆఫీసుల్లోంచీ తరిమేశారని తెలిసినవాళ్ళకి ఆ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది. సినిమా ఆ చరిత్ర జోలికి పోదు. ఇసబెల్ చేత అడిగించడం మాత్రం చమత్కారం. ఫ్రెంచి, ఫ్లెమిష్ భాషల తగవు తెగని దేశం నుంచి వచ్చిన మనిషి కదా.

మా క్లాసులోనూ ఇదే జరిగింది, కానీ ఇట్లా కాదు. కాగితాల మీద మాది ఇంగ్లీషు మీడియం. సార్ ఇంగ్లీషులో మొదలుపెట్టి, లెక్క కాస్త చిక్కుపడగానే తమిళంలోకి జారిపోయేవాడు. 1965లో హిందీ వద్దని విద్యార్థులు రోడ్డెక్కిన రాష్ట్రం, భాష మీద వాళ్ళ పట్టుదల నాకు గౌరవమే. కానీ మా సారుది పట్టుదల కాదు, సౌకర్యం. కాటలాన్ ప్రొఫెసర్ తలుపు మూసేసి, మూశానని చెప్తాడు. మా సారు మూసినట్టు ఆయనకే తెలీదు. మొదటాయనతో పోట్లాడొచ్చు. రెండో ఆయన దగ్గర, అర్థం కానివాడు తన బుర్రే మందమనుకుంటాడు. "సార్ ఏమన్నడురా?" అని మా వాడు నా మోచేతిని పొడిచేవాడు. నేను గుసగుసగా చెప్పేవాణ్ణి.

ఇక ఫ్రెంచి, ఇంగ్లీషు సంగతి. వెండీ తమ్ముడు విలియం చూడ్డానికొస్తాడు. జర్మన్ కుర్రాడి ముందు హిట్లర్ వేషాలు, స్పానిష్ అమ్మాయి ముందు స్పెయిన్ వాళ్ళ మీద జోకులు. ఆ గదిలో ఎవరికీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. దేశాల మీద ఉన్న మూస అభిప్రాయాలన్నీ ఈ ఒక్క ఇంగ్లీషువాడి నెత్తిన పెట్టి మిగతావాళ్ళు చేతులు కడుక్కున్నట్టుంటుంది. కానీ జర్మన్ కుర్రాడి బల్ల పొందిగ్గా, ఇటాలియన్ కుర్రాడి బల్ల చిందరవందరగా చూపించింది ఎవరు? విలియం కాదు, దర్శకుడే. పైగా గ్జావియే తక్కువ తిన్నాడా? విమానాశ్రయంలో పరిచయమైన తోటి ఫ్రెంచి డాక్టర్‌ని చూడగానే లోలోపల చీదరించుకుంటాడు. అదే డాక్టర్ ఇంట్లో సోఫా మీద పడుకుంటాడు. విలియం పైకి అంటాడు, గ్జావియే కథకుడు గనక నేపథ్యంలో మనకి మాత్రమే వినబడేలా అంటాడు. అందుకే మనకి ఒకడు మొరటుగానూ, ఇంకొకడు సున్నితంగానూ కనబడతారు. ఇద్దరి మధ్యా నాకు కనబడ్డ తేడా అంతే. వెండీని ఇరకాటంలోంచి తప్పించే పని చివర్లో విలియంకి అప్పగించి దర్శకుడు కొంత అప్పు తీర్చుకున్నాడు లెండి.

నా అసలు ఫిర్యాదు ఆన్-సోఫీ గురించి. ఆ డాక్టర్ భార్య. కొత్త ఊళ్ళో తోడు లేదు, మొగుడికి తీరిక లేదు, వీధుల్లోకి పోవాలంటే జంకు. ఫ్లాట్ వాళ్ళందరూ కలిసిపోయినవాళ్ళు, ఈమె కలవలేకపోయిన మనిషి. సినిమా ఈమెని ఏం చేసింది? ఆడవాళ్ళని ఎట్లా మెప్పించాలో ఇసబెల్ చెప్పిన పాఠాలు గ్జావియే ప్రయోగించి చూసుకోవడానికి వాడుకుంది. వాడు నేర్చుకున్నాడు, ఎదిగాడు, చివరికి ఆ ఉద్యోగంలో చేరిన మొదటిరోజే పారిపోయి రచయిత కూడా అయ్యాడు. ఆమె ఆ ఇంట్లో ఏమైపోయిందో కథకుడికి అక్కర్లేదు.

కలవలేని మనిషి లోపలికి వెళ్ళి చూసిన పుస్తకం మనకి తెలుగులో ఉంది. నవీన్ 'అంపశయ్య', 1969. ఉస్మానియా హాస్టల్లో రవి అనే కుర్రాడి ఒక్క రోజు. చుట్టూ అంతమంది విద్యార్థులున్నా, పల్లె నుంచీ పేదరికం నుంచీ వచ్చిన రవి తన తలకాయలోనే తిరుగుతుంటాడు. క్లాపిష్ ఫ్లాట్ పక్కన ఈ గదిని పెట్టి చూస్తే ఆ ఫ్లాట్ కొంచెం పల్చబడుతుంది. మా తరం ఇంజనీరింగ్ వాళ్ళం మా కథ అనుకున్న 'హ్యాపీ డేస్' 2007లో వచ్చింది. నేనూ మూడుసార్లు చూశాను, కాదనను. అందులో సీనియర్లు, జూనియర్లు, ప్రేమలు, అలకలు అన్నీ ఉన్నాయి. భాష అడ్డమొచ్చి క్లాసులో బిక్కమొహం వేసేవాడు మాత్రం లేడు. మా గదిలో ఉన్నాడు.

మూడో సెమిస్టర్‌లో నేను వాడికి చెప్పడం తగ్గించాను. నా తమిళం బాగుపడింది. మదురై వాడి పక్కన కూర్చుంటే నెల్లూరు యాస దాచుకునే పని లేదు, వాళ్ళ జోకులకి నవ్వొచ్చు. కొన్ని జోకులు కరీంనగర్ వాడి మీదే. వాటికీ నవ్వాను. ఆ సెమిస్టర్‌లో వాడికి రెండు బ్యాక్‌లాగులు. ఫ్లాట్‌లో ఫోన్ పక్కన కాయితం ఉంది కదా, మా గదిలో అట్లాంటిది రాసిపెట్టగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఈ వ్యాసం మొదలుపెట్టాక వాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటాడు. "సొల్లుంగ" అన్నాడు ఫోనెత్తగానే, ఇప్పటికీ నాతో అట్లాగే మొదలుపెడతాడు. సినిమా సంగతి చెప్పి, మూడో సెమిస్టర్ గుర్తుందా అని అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "గవన్నీ యాదికి లేవురా. మా అమ్మ పంపిన మామిడికాయ తొక్కు సీసా మీరు ముగ్గురూ ఖాళీ చేసిండ్రు, గది యాదికున్నది" అన్నాడు. తర్వాత మాట మార్చి పిల్లల స్కూలు ఫీజుల గురించి మొదలుపెట్టాడు.